ఓడ ముందొచ్చింది, కెప్టెన్ వెనకొచ్చాడు

1939 డిసెంబరు 13. దక్షిణ అమెరికాలో ప్లేట్ నది సముద్రంలో కలిసే చోటికి దూరంగా మూడు బ్రిటిష్ క్రూయిజర్లు జర్మన్ల గ్రాఫ్ స్పీ మీద విరుచుకుపడ్డాయి. జర్మన్ నౌకవి పదకొండు అంగుళాల ఫిరంగులు. ఈ మూడింట్లో చిన్నవి రెండు, వాటివి ఆరంగుళాలే. ఆ రెండింట్లో ఒకటి ఎకిలీస్. కెప్టెన్ ఎడ్వర్డ్ ప్యారీ, 1893లో పుట్టిన బ్రిటిష్ అధికారి. గుండు ముక్కలు వచ్చి ఆయన కాళ్లకు తగిలాయి. నౌకలో నలుగురు పోయారు. అయినా వదల్లేదు. నాలుగు రోజులకు జర్మన్ కెప్టెన్ లాంగ్స్‌డార్ఫ్ మాంటెవిడియో రేవు బయట తన నౌకను తానే పేల్చి ముంచేశాడు.

అసలు విశేషం ఇక్కడుంది. తొమ్మిదేళ్ల తర్వాత అదే ఎకిలీస్‌ను మన దేశం కొనుక్కుంది. 1948 జూలై 5న దానికి ‘ఢిల్లీ’ అని పేరు పెట్టారు. నెలన్నర లోపే, ఆగస్టు 14న, భారత నౌకాదళం మొత్తానికీ అధిపతిగా దిగిందెవరనుకున్నారు? ఆ ప్యారీయే! సంతలో ఎద్దును కొంటే, దాన్ని తోలినవాడు కూడా వెంట వచ్చినట్టైంది. 1950 జనవరి 26న నౌకాదళం పేరులోంచి ‘రాయల్’ అన్న మాట తీసేసింది కూడా ఆయన హయాంలోనే. 1951 దాకా ఉన్నాడు.

ఆ యుద్ధం మీద 1956లో ఇంగ్లండులో సినిమా వచ్చింది. అందులో ప్యారీ వేషం జాక్ గ్విల్లిమ్ అనే నటుడు వేశాడు. ఎకిలీస్ వేషం మాత్రం ఐఎన్ఎస్ ఢిల్లీది, అంటే తన వేషం తానే వేసుకుంది. ఇలాంటి అదృష్టం మనుషులకే తక్కువ.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా బ్రిటిష్ ప్యారీ మనకు అధిపతి ఏమిటంటారా? సైన్యానికి భారతీయుడు అధిపతి అయింది 1949లో, కరియప్పతో. వైమానిక దళానికి 1954లో, సుబ్రతో ముఖర్జీతో. నౌకాదళం 1958 దాకా బ్రిటిష్ అడ్మిరళ్ల చేతిలోనే ఉంది: హాల్, ప్యారీ, పైజీ, కార్లిల్. ఇది చిన్నచూపు అనిపించొచ్చు గానీ, నాకైతే లెక్క వేరేగా కనిపిస్తుంది. పెద్ద నౌకను, ఆపైన నౌకల గుంపును నడపగల అధికారి తయారవడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మనవాళ్లకు ఆ ఏళ్లు ఇంకా నిండలేదు.

కార్లిల్ చేతిలోంచి 1958 ఏప్రిల్ 22న పగ్గాలు అందుకున్నది రామ్‌దాస్ కటారి. 1911లో చెంగల్పట్టులో పుట్టాడు. బొంబాయిలో 1927లో మొదలైన డఫరిన్ శిక్షణ నౌకలో మొట్టమొదటి బ్యాచి కుర్రాడు. చదువయ్యాక నేరుగా యుద్ధనౌక ఎక్కలేదు, కలకత్తా వైపు హుగ్లీ నది మీద పనిచేశాడు. రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యాక నౌకాదళం వాలంటీర్ రిజర్వులో చేరాడు. అక్కణ్నుంచి 1956కల్లా మన నౌకల దండును నడిపిన తొలి భారతీయుడు అయ్యాడు.

కటారి అధిపతిగా ఉండగానే విమానవాహక నౌక విక్రాంత్ మన చేతికొచ్చింది, 1961 మార్చిలో. అదే ఏడు డిసెంబరులో గోవా విముక్తి. అప్పుడు డయ్యూ కోట మీద ఫిరంగులు పేల్చిన నౌక ఏదనుకున్నారు? ఢిల్లీయే. అంటే పూర్వాశ్రమంలోని ఎకిలీస్! 1978లో దానికి సెలవిచ్చారు. దాని ఫిరంగి గూడొకటి ఇప్పుడు న్యూజిలాండులో, ఆక్లండ్ నౌకాస్థావరంలో ఉంది. మన దేశమే కానుకగా ఇచ్చింది. గ్రాఫ్ స్పీతో పోరాడిన నాడు ఎకిలీస్‌లో ఎక్కువమంది ఆ దేశపు నావికులే మరి.

ఇక మన కోయిలకుంట్లకు సముద్రంతో చుట్టరికం అంటే ఏముంది, కుందూ నది నీళ్లు కమలాపురం దగ్గర పెన్నలో పడి, పెన్నతో పాటు నెల్లూరు దిక్కు బంగాళాఖాతం చేరడమే. అయితే ఇంకో చుట్టరికం బస్సు డిపో వైపు నుంచి ఉంది. కటారి రిటైరయ్యాక ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీకి ఛైర్మన్‌గా పనిచేశాడు! ఆ సంస్థ పుట్టిందీ ఆయన అధిపతి అయిన ఏడే, 1958 జనవరి 11న. విమానవాహక నౌకను అందుకున్న మనిషికి మన పల్లెవెలుగుల తాతల లెక్కలు చూసే పని పడింది. 1964లో బర్మాకు రాయబారిగా పంపారు, 1969 దాకా అక్కడే. ఆత్మకథ 1982లో అచ్చయింది. మరుసటేడు సికింద్రాబాదులో కన్నుమూశాడు.