పని లేకపోయినా సైకిలెక్కండి!

కాలువ గట్టు మీంచి కొండదారి దాకా...

మన గోదావరి జిల్లాల్లో పదేళ్ల పిల్ల సైకిలెక్కితే ఎవరూ వింతగా చూడరు. బడికి సైకిలు, ట్యూషన్‌కి సైకిలు, పొలంలో ఉన్న నాన్నకి క్యారేజీ ఇచ్చి రావడానికి సైకిలు. అదే పిల్ల మెడలో పుస్తెలు పడ్డాక ఆ సైకిలు కాస్తా పశువుల పాకలో ఓ మూలకి చేరుతుంది. చైను తుప్పు పడుతుంది, ట్యూబులు ఎండిపోతాయి. నలభై ఏళ్లొచ్చాక, పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఏ తెల్లవారుజామునో ఆ ఇల్లాలికి మళ్లీ సైకిలెక్కాలనిపిస్తే ఇంట్లోవాళ్లు అడిగే మొదటి మాట ఏమిటో మీకు తెలుసు.

‘‘ఎక్కడికి? ఏం పని?’’

పనుంటే ఫరవాలేదు. పాలకేంద్రానికెళ్లొచ్చు, అంగన్‌వాడీకెళ్లొచ్చు. ‘‘పనేం లేదండీ, ఊరికే. గాలి బాగుంది’’ అంటేనే చిక్కు. మగవాళ్లు ఊరికే తిరిగి రావచ్చు గానీ ఆడవాళ్లు ఊరికే తిరిగితే జవాబు చెప్పుకోవాలి. ఆ ‘ఊరికే’ గురించే ఇవాళ్టి మన కబుర్లు.

ఇది కొత్త గొడవేం కాదు

సైకిలు ఆడవాళ్లకిచ్చే ధైర్యం గురించి నూటపాతికేళ్ల కిందటే చెప్పినవాళ్లున్నారు. ప్రపంచంలో ఆడవాళ్ల విముక్తికి సైకిలు చేసినంత మేలు మరేదీ చెయ్యలేదని అమెరికాలో ఓటుహక్కు కోసం పోరాడిన సూసన్ బి. ఆంథోనీ 1896లోనే అభిప్రాయపడ్డారు. మన పొరుగునే తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం సాగింది. అక్కడ పలక పట్టించడంతోపాటు సైకిలు కూడా నేర్పారు. కలెక్టర్ షీలారాణి చుంకత్ చొరవతో లక్షమందికి పైగా ఆడవాళ్లు సైకిలు నేర్చుకున్నారు. బస్సు కోసం, మగతోడు కోసం ఎదురుచూడడం తప్పింది.

తర్వాత ప్రభుత్వాలూ సైకిలు విలువ గుర్తించాయి. బీహార్‌లో 2006 నుంచి హైస్కూలు ఆడపిల్లలకి సైకిళ్ల పథకం మొదలైంది. మన రాష్ట్రంలోనూ ‘బడికొస్తా’ పేరుతో సర్కారు బడుల్లో చదివే ఆడపిల్లలకి సైకిళ్లు పంచారు. మంచిదే. కానీ ఒక్కటి గమనించారా? అన్నిచోట్లా సైకిలు ఇచ్చింది పని కోసమే, చదువు కోసమే. ఆ పని తీరాక ఆ సైకిలు ఎవరిది?

స్పెయిన్‌లో పైన్ చెట్లు, మన దగ్గర కాలువ గట్లు

కొండల్లో, అడవుల్లో సైకిలు తొక్కడాన్ని మౌంటెన్ బైకింగ్ అంటున్నారు. 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో కొందరు కుర్రాళ్లు పాత బరువు సైకిళ్లు వేసుకుని కొండ మీంచి దిగడంతో మొదలైన సరదా ఇది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నాటికి ఆటల పోటీల్లో చేరింది. ఆ ఏడాది మహిళల బంగారు పతకం ఇటలీకి చెందిన పావొలా పెజ్జో గెలుచుకుంది.

స్పెయిన్‌లో అయితే 1993 నుంచి ఓ మంచి పని చేస్తున్నారు. మూతపడిన రైలు మార్గాల పట్టాలు తీసేసి సైకిలు బాటలుగా మారుస్తున్నారు. వాటికి ‘పచ్చని దారులు’ అని పేరు. ఇప్పుడివి మూడు వేల కిలోమీటర్లు దాటాయి. వాటిల్లో ఓహోస్ నేగ్రోస్ అనే దారి ఒకప్పుడు గనుల నుంచి సముద్రపు రేవుకి ఇనుప రాయి మోసిన రైలు మార్గం. ఇప్పుడు దాదాపు 160 కిలోమీటర్ల పొడవునా పైన్ చెట్ల మధ్యనుంచి, నదీ లోయల మీదుగా సైకిళ్లు సాగిపోతుంటాయి. రైలు కోసం వేసిన దారి కాబట్టి ఏటవాలు తక్కువ. పిల్లలూ పెద్దలూ అందరూ తొక్కొచ్చు.

అంత దూరం మనం వెళ్లగలమా అని నిట్టూర్చకండి. అలాంటి బాటలు మనకీ ఉన్నాయి. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్టతోపాటు తవ్వించిన కాలువల్లో ఒకప్పుడు పడవలు నడిచేవి. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ, పడవకి తాడు కట్టి లాగేవారు. పడవలు పోయాయి, గట్లు మిగిలాయి. పక్కన నీరు, రెండు వైపులా కొబ్బరిచెట్లు. డెల్టా అంతా చాపలా చదును కాబట్టి ఎత్తెక్కే బాధే లేదు. చాలాకాలం తర్వాత సైకిలు పట్టుకునేవారికి ఇంతకంటే మంచి బడి దొరకదు.

మొదట ఇక్కడికి వెళ్లండి

రాజమండ్రి దగ్గరివాళ్లు ధవళేశ్వరం నుంచి మొదలుపెట్టొచ్చు. 1852లో పూర్తయిన పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న బ్యారేజి 1982 నాటికి సిద్ధమైంది. తెల్లవారుతుండగా దాని మీద సైకిలు తొక్కుతుంటే ఒకవైపు నిండుగోదావరి, రెండోవైపు ఇసుక తిన్నెలు. బొబ్బర్లంక దాటి కాలువ వెంట సాగితే ఆత్రేయపురం వస్తుంది. బోర్లించిన కుండ మీద బియ్యప్పిండి పాలు పూసి, రెప్పపాటులో రేకు తీసే ఆడవాళ్ల ఊరది. వాళ్ల చేతి పూతరేకుకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రెండు పూతరేకులు తిని, నీళ్లు తాగి వెనక్కి తిరగండి. మొదటి రోజుకది చాలు.

కోనసీమవాళ్లకి పి. గన్నవరం ఉంది. అక్కడ నదిపాయ మీంచి వంతెనలా కాలువే దాటుతుంది! కింద గోదావరి, పైన గోదావరి నీళ్లే. పాత అక్విడెక్టు కాటన్ కాలం నాటిది. 2000లో వచ్చిన కొత్తదానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. రేవు దాటొచ్చిన బాటసారులకి వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన లంకల గన్నవరం ఇల్లాలు ఆమె. అక్కడ ఓ నిమిషం సైకిలు దిగి నిలబడండి. నర్సాపురం వైపువాళ్లు సైకిలుతో సహా పంటు ఎక్కి సఖినేటిపల్లి దిగితే అంతర్వేది దారి పట్టొచ్చు. స్పెయిన్‌లో పైన్ చెట్ల హోరు ఉంటే, మన సముద్రం ఒడ్డున సరుగుడు తోపుల హోరు ఉంది. కళ్లు మూసుకుంటే తేడా తెలియదు.

ఆ తర్వాత కొండ

ఓ రెండు నెలలు గట్ల మీద కాళ్లు గట్టిపడ్డాక మారేడుమిల్లి గురించి ఆలోచించండి. రాజమండ్రి నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా సుమారు 85 కిలోమీటర్లు. అంత దూరం తొక్కనక్కర్లేదు. సైకిళ్లని వ్యానులో వేసుకెళ్లి, మారేడుమిల్లి దగ్గర దిగి తొక్కేవాళ్లే ఎక్కువ. వెదురు పొదలు, వాగులు, జలతరంగిణి జలపాతం, చింతూరు వైపు మెలికలు తిరిగే ఘాటు రోడ్డు... అక్కడ మామూలు సైకిలు పనికిరాదు, గేర్లు కావాలి.

గేర్లంటే భయపడకండి. ముందు పళ్లచక్రం చిన్నదీ, వెనక పళ్లచక్రం పెద్దదీ అయితే కాళ్లకి బరువు తగ్గుతుంది. ఎక్కువసార్లు తొక్కాలి, నెమ్మదిగా కదులుతుంది, కానీ ఎత్తెక్కేస్తుంది. పెద్ద బిందెడు నీళ్లు ఒక్కసారి మొయ్యలేనప్పుడు చెంబుతో నాలుగుసార్లు తెచ్చుకున్నట్టన్నమాట. ఎత్తు మొదలవ్వకముందే గేరు మార్చుకోవాలి. సగం ఎక్కాక మారిస్తే చైను పట్టేస్తుంది. దిగేటప్పుడు ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టకూడదు, తల్లకిందులవుతారు. రెండు బ్రేకులూ కలిపి, వదులుతూ పడుతూ దిగాలి. ఒంటి బరువు కాస్త వెనక్కి ఉంచాలి.

ఈ జాగ్రత్తలు మరవకండి

* సీటు ఎత్తు ముఖ్యం. పెడలు పూర్తిగా కిందికున్నప్పుడు మోకాలు కొంచెమే వంగాలి. బాగా ముడుచుకుంటే నాలుగు రోజుల్లో మోకాళ్ల నొప్పి పట్టుకుంటుంది.
* చున్నీ నడుముకి బిగించి కట్టండి. చీరలో తొక్కేవారు వెనక చక్రానికి వల బిగించుకోండి. కొండదారిలో మాత్రం సల్వార్, బూట్లు, తలకి హెల్మెట్ తప్పనిసరి.
* కాలువ గట్లకి చాలాచోట్ల పిట్టగోడ ఉండదు. నీటివైపు అంచుకి పోవద్దు. వానాకాలంలో రేగడి మట్టి చక్రాలకి పట్టేసి కదలనివ్వదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం.
* మాసూళ్ల రోజుల్లో రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. దాని మీద చక్రం జారుతుంది. దిగి నడిపించుకెళ్లండి. రైతు గింజలు తొక్కకుండానూ ఉంటుంది.
* తుమ్మముల్లు ఎవరినీ వదలదు. పంక్చరు వెయ్యడం నేర్చుకోండి. ఒక ట్యూబు, చిన్న పంపు సంచీలో ఉండాలి.
* అడవికి ఒంటరిగా వద్దు. నలుగురైదుగురు కలిసి వెళ్లండి, చీకటి పడకముందే దిగిపోండి. లోపలి బాటలకి అటవీశాఖ అనుమతి తీసుకోండి. ఏజెన్సీలో దోమల బెడద ఉంది, జాగ్రత్త.
* బీపీ, గుండె జబ్బు, మోకాలి అరుగుదల ఉన్నవారు డాక్టర్‌ని అడిగాకే కొండ సంగతి చూడండి.

డబ్బాలో ఏముండాలి?

బిస్కెట్ ప్యాకెట్ల కంటే మన సున్నుండలే మేలు. ఒక గ్లాసు పొట్టు మినపప్పు దోరగా, కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, చల్లారాక పిండి పట్టండి. ముప్పావు గ్లాసు బెల్లం తురుము కలిపి మరోసారి తిప్పండి. కరిగిన నెయ్యి కొద్దికొద్దిగా పోస్తూ ఉండలు చుట్టండి. రెండు సున్నుండలు, రెండు చక్రకేళి అరటిపళ్లు, సీసాలో ఉప్పేసిన పల్చటి మజ్జిగ... పదీ పదిహేను కిలోమీటర్లకి ఢోకా లేదు. దారిలో కొబ్బరిబొండాం ఎలాగూ దొరుకుతుంది. ఖాళీ కవర్లు మాత్రం గట్టు మీద పారెయ్యకుండా ఇంటికి తెచ్చుకోవాలి సుమా!

ఆఖరి మాట

సైకిలు వల్ల ఒళ్లు తగ్గుతుంది, షుగరు అదుపులో ఉంటుంది అని చెప్పి ఇంట్లో ఒప్పించొచ్చు. అది అబద్ధం కూడా కాదు. కానీ ప్రతి సరదాకీ ఒక మందు పేరు పెట్టుకుంటే ఎన్నాళ్లు? మన అమ్మాయి రేపు పెళ్లయ్యాక కూడా సైకిలు దింపకుండా ఉండాలంటే, అమ్మ ఏ పనీ లేకుండా, నవ్వుకుంటూ గట్టు మీద సైకిలు తొక్కడం ఆ పిల్ల ఒక్కసారైనా చూడాలి.

ఈ ఆదివారం ఆ పాకలోని సైకిలు బయటకి లాగండి. చైనుకి నూనె వెయ్యండి, గాలి కొట్టించండి. వంట ఒక పూట వాళ్లు చూసుకుంటారు. అన్నం మాడినా ఫరవాలేదు!