ఉప్పుగాలిలో స్టార్టర్ పెట్టె

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట నుంచి మైపాడు వైపు రొయ్యల గుంటల గట్ల మీద స్తంభానికో కర్రకో బిగించిన పెట్టెలు కనిపిస్తాయి. నీటికి గాలి అందించే ఏరేటర్లను నడిపే స్టార్టర్, ఫేజు పోతే మోటారు కాలకుండా ఆపే కార్డు, కరెంటు రాగానే మళ్లీ తిప్పే ఆటో స్టార్టర్ అన్నీ అందులోనే. ఇవి చెడిపోతే అందరూ ముందు తిట్టుకునేది వానను. అందుకే మూత చుట్టూ సిలికాన్ పేస్టు పూస్తారు, కేబుల్ దూరే కంతలకు ఎం-సీల్ కొడతారు, అదీ చాలదన్నట్టు పైన ప్లాస్టిక్ పట్టా చుట్టి తాడు కడతారు. ఈ శ్రమలో సగం వృథా, మిగతా సగం ఎదురుతన్నే పని. తీరప్రాంతంలో కరెంటు సామాను ప్రాణం తీసేది ముఖ్యంగా వాన కాదు, గాలి. గాలి నుంచి కాపాడాలంటే పెట్టెను బిగించడం కంటే, లోపలికి చేరిన తేమ బయటికి పోయే దారి ఉంచడం ముఖ్యం.

ముందు ఉప్పు సంగతి. వానాకాలంలో వంటింట్లో ఉప్పు జాడీ ఎందుకు చెమరుస్తుందో, పెట్టెలోని కార్డు కూడా అందుకే చెమరుస్తుంది. శుద్ధమైన సోడియం క్లోరైడ్ గాలిలో తేమ 75 శాతం దాటితేనే కరుగుతుంది. కానీ సముద్రపు తుంపరలో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. అది 33 శాతం తేమకే నీళ్లు లాక్కుంటుంది. సముద్రం ఒడ్డున గాలి అంతకంటే పొడిబారే రోజులు బహు అరుదు. అంటే ఒకసారి ఉప్పు చేరిన కార్డు చుక్క వాన పడకపోయినా తడిగానే ఉంటుంది. పాతబడిన పెట్టె ఒకదాన్ని తెరిచి చూస్తే ఇది కంటికి తెలుస్తుంది. రాగి తీగ స్క్రూ కిందికి వెళ్లే చోట పచ్చటి చిలుము, కార్డు మీద ఐసీ కాళ్ల మధ్య తెల్లటి పొర, అల్యూమినియం తీగను రాగి తీగతో మెలేసిన చోట అల్యూమినియం తెల్లగా పొడిపొడిగా రాలుతూ ఉంటుంది. రాగి మాత్రం నిక్షేపంగా ఉంటుంది. రెండు లోహాల మధ్య ఉప్పునీరు చేరితే అక్కడ ఒక చిన్న బ్యాటరీ తయారవుతుంది, అందులో నష్టపోయేది అల్యూమినియమే.

మరి గాలే లోపలికి రాకుండా బిగిస్తే సరిపోదా? ఇక్కడే లెక్క తిరగబడుతుంది. మే నెల ఎండకు పెట్టె లోపల 60 డిగ్రీలు ఉందనుకుందాం. వేడికి వ్యాకోచించిన గాలి కొద్దికొద్దిగా ఏదో ఒక సందులోంచి బయటికి పోయి ఉంటుంది. సాయంత్రం ఉన్నట్టుండి వాన కురిసి రేకు 27 డిగ్రీలకు చల్లబడితే లోపలి పీడనం దాదాపు పది శాతం పడిపోతుంది. దాని బలం ఎంతంటే, మూత రబ్బరు మీద ఒక మీటరు నీళ్లు నిలబెట్టినంత. సరిగ్గా అప్పుడే మూత మీద వాననీళ్లు కారుతుంటాయి. రబ్బరులో వెంట్రుకవాసి పగులున్నా పెట్టె ఆ నీటిని లోపలికి పీల్చుకుంటుంది. నీళ్లు దొరక్కపోతే తేమగాలినైనా పీల్చుకుంటుంది. తెల్లవారుజామున రేకు చల్లబడ్డాక ఆ తేమ మూత లోపలి పక్కన బొట్లుగా కట్టి కార్డు మీద పడుతుంది. పీల్చుకున్న నీళ్లు బయటికి పోవు, ఎందుకంటే దారి ఉంచకుండా మనమే మూసేశాం.

ఐపీ65 పెట్టె కొన్నాక ఈ గొడవ ఎందుకని దుకాణదారు అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి. 65 అంటే దుమ్ము దూరదు, గొట్టంతో నీళ్లు కొట్టినా దిగదు. కానీ ఆ పరీక్ష కొత్త పెట్టె మీద, కొత్త రబ్బరుతో చేసేది. పైగా అది ఉప్పు ఎంత తినేస్తుందో చెప్పే పరీక్ష కాదు. మీటరు లోతు నీళ్లలో అరగంట ముంచి చూసేది ఐపీ67కే. పైన చెప్పిన పీల్పు బలం అదే మీటరుది, అదీ ఎండ తర్వాత వాన పడిన ప్రతిసారీ. అంకె అబద్ధం కాదు, మన గట్టు మీది కష్టానికి అది రాసింది కాదు, అంతే.

కాబట్టి చేయాల్సినది వేరు. పెట్టె అడుగున అయిదారు మిల్లీమీటర్ల కంత ఒకటి ఉండాలి. వీలైతే అక్కడ గాలిని, ఆవిరిని వదిలి నీటిబొట్టును ఆపే టెఫ్లాన్ పొర ఉన్న వెంట్ బిగించాలి. కేబుళ్లు పైనుంచి కాక కిందినుంచే ఎక్కాలి, ఎక్కేముందు ఒక వంపు తిరగాలి. నీళ్లు ఆ వంపు దగ్గరే జారిపోతాయి. పైన జానెడు ఎడంతో ఒక రేకు చూరు ఉంటే ఎండ తగ్గుతుంది, ఎండ తగ్గితే పీల్పూ తగ్గుతుంది. ఈ ఒక్కటీ పేస్టు డబ్బాల కంటే ఎక్కువ పని చేస్తుందని నా అభిప్రాయం. కార్డుకు యాక్రిలిక్ పూత కొట్టించాలి, కానీ ముందు ఉప్పు కడిగి బాగా ఆరబెట్టాకే. ఉప్పు మీద పూత వేస్తే ఆ ఉప్పు లోపలే ఉండి తేమ లాగి పూతనే పొక్కిస్తుంది. రిలే, కనెక్టర్లకు టేపు వేసి తప్పించాలి. అన్నిటికంటే తేలికైన ఉపాయం విదేశాల్లో పెరట్లో రైళ్లు నడిపే సరదారాయుళ్లది. జర్మనీ లేమన్ కంపెనీ 1968లో ఎల్‌జీబీ పేరుతో 45 మిల్లీమీటర్ల పట్టాల మీద నడిచే పెరటి రైళ్లు తెచ్చింది. ఆ పట్టాలు ఏడాదంతా వానలో ఉన్నా, వాటికి కరెంటిచ్చే కంట్రోలర్‌ను మాత్రం ఇంట్లో పెట్టుకోమంటారు. మన గుంటల దగ్గరా కాపలా షెడ్డు ఉంటుంది. కార్డులన్నీ అక్కడ ఉంచి, గట్టు మీద కాంటాక్టరు, మోటారు మాత్రమే ఉంచవచ్చు. మధ్యలో తీగ ఖర్చు తప్పదు.

కంత పెడితే చీమలు, బల్లులు దూరవా అంటారు. దూరుతాయి. కాంటాక్టరు పలకల మధ్య నలిగిన బల్లి షార్టు చేయడం ఎలక్ట్రీషియన్లకు కొత్త కాదు. సన్నటి స్టీలు జల్లెడ అతికిస్తే ఆ బెడద పోతుంది. ఉప్పు నేల కాబట్టి స్టీలులోనూ మాలిబ్డినం కలిసిన 316 రకమే మన్నుతుంది. సిలికాజెల్ పొట్లాలు వేస్తే చాలదా అన్నది ఇంకో మాట. అవి తాగగలిగినంత తాగి ఊరుకుంటాయి, రోజూ ఊపిరి పీల్చే పెట్టెకు ఎన్ని పొట్లాలు సరిపోతాయి? ఇక ఖర్చు. చెడిపోతే కొత్త స్టార్టరు కొనుక్కోవచ్చు, నిజమే. అయితే అది ఎప్పుడు చెడుతుందన్నదే అసలు విషయం. నెల్లూరు జిల్లాకు వానలో పెద్ద వాటా అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. ఆ మబ్బు రోజుల్లో నాచుకు ఎండ చాలక నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, తెల్లవారుజామున మరీ పడిపోతుంది. లీటరుకు మూడు మిల్లీగ్రాముల కంటే కిందికి పడితే రొయ్య తట్టుకోవడం కష్టం. పెట్టెలో తేమ బొట్లు కట్టే గడియా అదే. పోయేది స్టార్టరు ధర కాదు, గుంటలోని పంట.

ఒక పెట్టె లోపల తడి పేరుకుంటోందని ముందుగా చెప్పేది 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ. కాస్త కరెంటు దారి తప్పి భూమిలోకి పోయినా అది పడిపోతుంది. మాటిమాటికీ పడిపోతోందని దాన్ని తప్పించి నేరుగా తీగ కలిపే అలవాటు చాలాచోట్ల ఉంది. నీళ్లలోకి దిగి ఏరేటరు సర్దే మనిషికీ కరెంటుకీ మధ్య ఉన్నది అదొక్కటే. అది పడిన రోజు చేయాల్సింది పెట్టె మూత తెరవడం, అడుగున నీళ్లున్నాయా, కంత మూసుకుపోయిందా, ఏ టెర్మినల్ పచ్చబడిందో చూడడం.