తూటా పేలని చోట మహావీర్ చక్ర ఎట్లా వచ్చింది?

పోయిన ఎపిసోడ్‌లో కల్నల్ సంతోష్ బాబు గురించి విన్నాక ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, యుద్ధమే జరగలే, ఒక్క తూటా పేలలే. మరి యుద్ధ పతకం ఎట్ల ఇచ్చిండ్రు?" మంచి ప్రశ్న. ఆడియోలో టైం చాలలేదు, ఇక్కడ రాస్తున్నా.

బిక్కుమళ్ల సంతోష్ బాబుది సూర్యాపేట. తండ్రి ఉపేందర్ గారు బ్యాంకు ఉద్యోగి. తాను సైన్యంలో చేరాలనుకుని చేరలేకపోయిన మనిషి, కొడుకుని కోరుకొండ సైనిక్ స్కూల్లో వేశారు. 2004లో 16 బిహార్ బెటాలియన్‌లో ఆఫీసర్ అయిన సంతోష్, 2019 డిసెంబర్‌లో అదే బెటాలియన్‌కి కమాండింగ్ ఆఫీసర్ అయ్యారు.

గల్వాన్‌లో తుపాకులు ఎందుకు పేలలేదంటే, 1996లో భారత్, చైనా ఒప్పందం రాసుకున్నాయి. వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపల కాల్పులు జరపకూడదు. 2020 జూన్ 15న శత్రువుకి ఎదురుగా అబ్జర్వేషన్ పోస్ట్ పెట్టే పని ఆయన బెటాలియన్‌ది. పదునైన ఆయుధాలతో మీద పడ్డారు, పక్క ఎత్తుల నుంచి రాళ్లు. తీవ్రంగా గాయపడ్డాక కూడా ఆయన ముందుండి నడిపించారని ప్రభుత్వ ప్రశంసాపత్రం చెబుతుంది. మనవాళ్లు 20 మంది పోయారు. చైనా తన వైపు నలుగురని ఎనిమిది నెలలకు ఒప్పుకుంది.

వందల మందికి పెద్ద, ఒక కెప్టెన్‌ని పంపి తాను వెనక ఉండొచ్చు. మన సైట్ లెక్కలో ప్రాజెక్ట్ మేనేజర్ తనే గుంతలోకి దిగినట్టు. ఇన్నేళ్లలో అలా దిగినవాళ్లని నేను ఇద్దర్నే చూశా.

ఇక పతకం సంగతి. చక్రాలు రెండు వరసలు. పరమవీర్, మహావీర్, వీర్ చక్రలు శత్రువుకి ఎదురుగా చూపిన సాహసానికి. అశోక, కీర్తి, శౌర్య చక్రలు మిగతా సాహసానికి. మొదటి వరసకి యుద్ధం ప్రకటించి ఉండాలనీ లేదు, తూటా పేలాలనీ లేదు. శత్రువు ఎదురుగా ఉంటే చాలు. అందుకే 2021 జనవరిలో ఆయనకి మహావీర్ చక్ర, ఇంకో ఐదుగురికి వీర్ చక్ర ప్రకటించారు.

పరమవీర్ చక్ర రావాల్సిందని ఉపేందర్ గారు బయటికే అన్నారు. సంతోషం లేదని కాదు, నూటికి నూరు శాతం తృప్తి లేదన్నారు. తప్పు పట్టలేం. 2021 నవంబర్ 23న రాష్ట్రపతి చేతి నుంచి ఆ పతకం తీసుకుంది తల్లి మంజుల గారు, భార్య సంతోషి గారు. సంతోషి గారికి తెలంగాణ ప్రభుత్వం డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం ఇచ్చింది.

2020 జూన్ 18న అంత్యక్రియలు. అప్పుడు మామూలు ఫ్లైట్లు లేవు, ఇంట్లో చావైనా ఫోన్లోనే చూసేవాళ్లం. అల్ దోహా అల్ జదీదాలో మా రూములో సూర్యాపేట పక్క ఊరి అన్న ఒకాయన ఉండేవాడు. ఫోన్‌ని నీళ్ల డబ్బాకి ఆనించి, చివరిదాకా నిలబడే చూశాడు. మొన్న సెలవుకి పోయినప్పుడు సూర్యాపేటలో విగ్రహం దగ్గర ఆగి, ఫోటో తీసి మా గ్రూపులో పెట్టాడు. కింద ఏమీ రాయలేదు.