రాత్రి లారీలు - పిలుపునకై కాచుకొనువారు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో వర్తకుడు సాయంకాలము తన కొట్టుముంగిట నొప్పగించిన సరకు కొలది దినములలో వేయిమైళ్ల దూరమునకు జేరుచున్నది. ఈ వేగమును మెచ్చుకొనువారు పెక్కండ్రు. ఆ లారీని నడపినవాడు బయలుదేరుటకు ముందు టెలిఫోను చెంత నెంతసేపు గూర్చుండెనో విచారించువారరుదు. ధాన్యమును, మిరపకాయలను లారీలకెత్తి పంపు మన పాఠకులకు ఈ విషయము పరాయిది కాదని తలంచి కొంత వివరింపబూనితిమి.

లారీ నిండునంత సరకు ప్రతి వర్తకునికి నుండదు. ఒకనివి రెండు పెట్టెలు, వేఱొకనివి నాలుగు మూటలు. పగటివేళ ఊరిలో దిరుగు లారీలు వీనిని బోగుచేసి టెర్మినలునకు దెచ్చును. అచ్చట ఊరివారీగా విడదీసి ట్రెయిలర్లలో నింపుదురు. చీకటిపడిన పిమ్మట ఈ ట్రెయిలర్లను ఒక టెర్మినలునుండి మఱియొకదానికి లాగుకొనిపోవుటయే లైన్‌హాల్ అనబడు పని. సాధారణముగా 28 అడుగుల ట్రెయిలర్లు రెండింటిని ఒకదానివెనుక నొకటి తగిలించి యొక్క డ్రైవరే నడపును. ఇట్టి జంటలు దేశమంతటను అంతరరాష్ట్ర రహదారులపై దిరుగుటకు 1982 నాటి చట్టము దారియిచ్చినది. బరువైనది ముందుండవలయును, తేలికది వెనుక నుండవలయును. ఇది తాఱుమాఱైనచో వెనుకది తోకవలె నూగి బోల్తాపడును.

ఏ ట్రెయిలరు ఏ డ్రైవరుతో నేవేళ పోవలయునో నిర్ణయించువాడు డిస్పాచరు. ఇతనిపని పైకి దోచునంత సులభము కాదు. సరకు రెండు దిక్కులకును సమముగా బోదు. ఫ్యాక్టరీలున్న పట్టణమునుండి నిండుగా వెడలిన ట్రెయిలర్లు ఖాళీగా మరలవలసివచ్చును. ఖాళీవానిని లాగుటకును కూలి, ఇంధనము కావలయును. లాగనిచో మఱునాడు నింపుటకు ట్రెయిలరే యుండదు. కొన్ని దారులలో ఇరువైపులనుండి బయలుదేరిన యిద్దరు డ్రైవర్లు నడిదారిలో గలసి, ట్రెయిలర్లు మార్చుకొని, తెల్లవాఱుసరికి ఎవరి యింటికి వారు చేరుదురు. ఒకచోట సరకెత్తుట గంటసేపు జాగైనచో, రెండువందల మైళ్ల యవతల నున్నవాడుకూడ ఆ గంటసేపు చీకటిలో నిలువవలసినదే. మంచు గురిసిన రాత్రి డిస్పాచరు పాట్లు జెప్పనలవి కాదు. కావున అతనిని నిందించుట మా యుద్దేశము కాదు.

డ్రైవర్లలో రెండు తెగలు గలవు. సేవలో పెద్దవారైనవారు సీనియారిటీ ననుసరించి నియతమైన దారిని, నియతమైన వేళను కోరుకొందురు. వారికి రేపటి బ్రదుకు నేడే తెలియును. తక్కినవారి పేర్లు అదనపు పట్టీలో నుండును. పట్టీలో ముందున్నవానికి ముందు పిలుపు. సాధారణముగా బయలుదేరుటకు రెండుగంటల ముందు టెలిఫోను మ్రోగును. అది సాయంకాలము ఆఱింటికి మ్రోగవచ్చును, అర్ధరాత్రి మ్రోగవచ్చును, అసలు మ్రోగకయు బోవచ్చును. భార్య యడుగును, పిల్లలడుగుదురు: ఈ రాత్రి పోవుదువా, ఉందువా? అతడేమని చెప్పగలడు?

చట్టము లేకపోలేదు. 10 గంటలు వరుసగా విశ్రమించిన పిమ్మటనే సరకులారీ డ్రైవరు పనిలో దిగవలయును. దిగినది మొదలు 14 గంటలలోపల 11 గంటలకు మించి నడపరాదు. 2017 డిసెంబరు నుండి ఈ లెక్కను చాలవఱకు లారీలోని యంత్రమే వ్రాయుచున్నది. అయినను లెక్క చూడుడు. ఒకడు రాత్రి సుఖముగా నిదురించి ఉదయము 8 గంటలకు లేచెననుకొందము. పిలుపు నేడో రేపో యని పగలెల్ల నెదురుచూచెను. రాత్రి 10 గంటలకు ఫోను మ్రోగెను. అర్ధరాత్రి పనిలో దిగెను. అతని 14 గంటలు మఱునాటి మధ్యాహ్నము 2 గంటలకు ముగియును. అప్పటికతడు మేల్కొని 30 గంటలైనది! యంత్రము దృష్టిలో ఆ పగలంతయు విశ్రాంతియే. పగలు పండుకొనవచ్చునుగదా యని కంపెనీవారందురు. ఎప్పుడు లేవవలయునో తెలియనివాని నిద్ర యెట్టి నిద్రయో పంటకు కాపలా పండిన మన రైతు నడిగిన జెప్పును.

అలసినవాడు నడపనని చెప్పవచ్చునని యాదేశపు నిబంధన. అట్లు నిరాకరించినవానిని దండింపరాదని చట్టమున్నది. కాని ఒకమాఱు కాదన్నవాని వంతు దాటిపోయినచో ఆ రాత్రి కూలియు దానితోడనే పోవును. వారిలో చాలమందికి కూలి మైళ్లచొప్పున లెక్క. టెర్మినలులో నిలిచిన కాలమునకు కొందఱు గంటకింత యని యిత్తురు. ఇంటియొద్ద కనిపెట్టుకొన్న కాలమునకు చిల్లిగవ్వ యుండుట యరుదు. వారమునకు 40 గంటలు మించిన పనికి ఒకటిన్నర రెట్లు కూలియని 1938లో నేర్పడిన శాసనము, అంతరరాష్ట్ర లారీ డ్రైవర్లను ఆ లాభమునుండి మినహాయించినది.

మన చరిత్రయు దీనికి దూరము కాదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు పనియని విధించినది. ఏది పనిగంటయో నిర్వచించుచు, డిపోలో ఊరక హాజరుండుట 15 నిమిషములకు లోబడిన యెడల పనిలో జేర్చినది. పావుగంట కాచినవాడు పనివాడు, మూడు గంటలు కాచినవాడు తీరికగలవాడు! ఈ వింతలెక్కను గట్టినవారు లారీయడ్డాలో నొక్కరాత్రియైన గడిపియుందురా యని మాకు సందేహము.

తీరని కష్టమనుట సరికాదు. సరకులో హెచ్చుభాగము దినదినమును వచ్చునదే. ఏయే రాత్రి ఎందఱు కావలయునో డిస్పాచరు ముందే యూహింపగలడు. పట్టీలోనివారికి ఈ గంటనుండి ఈ గంటవఱకే పిలుపని కట్టడి చేసి, ఆ వేళ దాటినచో విడిచిపెట్టవచ్చును. విడువని పక్షమున కాచిన కాలమునకు కూలి యీయవచ్చును. సంఘబలమున్న కంపెనీలలో సీనియారిటీ హక్కును ఒడంబడికలలో వ్రాయించుకొన్నారు. 1964లో టీమ్‌స్టర్ల సంఘము హాఫా నాయకత్వమున దేశమంతటికి నొక్క ఒడంబడికను సాధించినది.

అయితే ఆ హక్కు కంపెనీ బ్రదికియున్నంతవఱకే. 2023 జులై నెలాఖరున యెల్లో అను ప్రాచీన రవాణాకంపెనీ మూతపడగా సుమారు 30,000 మంది ఉద్యోగములు పోయినవి. సీనియారిటీ ఒక కంపెనీనుండి మఱియొకదానికి వెంటరాదు. ఇరువదియేండ్లు నడపి నియతమైన దారిని సంపాదించుకొన్నవాడు, వేఱుచోట చేరిన దినమున పట్టీ యడుగున పేరు వ్రాయించుకొని, మరల టెలిఫోను చెంత గూర్చుండవలసినవాడే.