పని మీద ఊరు వెళ్ళినప్పుడు

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మన పెద్దవాళ్ళ మాట. మామూలుగా ఈ మాట కొత్తగా కాపురానికి వెళ్ళే ఆడపిల్లకి చెబుతూంటారు. ఉద్యోగం పని మీద ఊళ్ళు తిరిగే అక్కచెల్లెళ్ళకి కూడా ఇది బాగా పనికొస్తుందని నా అనుభవం.

ఒకప్పుడు "క్యాంపు" అంటే మగవారి మాట. ఇప్పుడు చూడండి! పదో తరగతి పేపర్లు దిద్దడానికి వెళ్ళే టీచర్లు, ట్రెయినింగులకి వెళ్ళే అంగన్‌వాడీ కార్యకర్తలు, ఎన్నికల డ్యూటీ పడ్డ ఉద్యోగినులు, ఆడిట్‌కి వెళ్ళే బ్యాంకు అమ్మాయిలు, ఎంతమందో! నాలాంటి గృహిణి కూడా రేడియో పని అంటూ అప్పుడప్పుడు రైలెక్కుతూనే ఉంది.

పగలంతా పనితో సరిపోతుంది. మరి సాయంత్రం అయిదు దాటాక? చాలామందిమి లాడ్జి గదికి వచ్చి గడియ పెట్టేసుకుంటాం. ఇంటికి ఫోను చేసి పిల్లలు తిన్నారా, పాలు కాచారా, గ్యాసు కట్టేశారా అని అడుగుతాం. ఆ తర్వాత ఇక గోడకేసి చూడడమే. పైకి అలసట అంటాం గానీ, లోపల ఉన్నది వేరు. ఇంట్లోవాళ్ళు పచ్చడి మెతుకులతో సర్దుకుంటూంటే నాకిక్కడ షికార్లేమిటన్న సంకోచం అది. మగవారు క్యాంపు నుంచి వస్తూ బోలెడు కబుర్లు మోసుకొస్తారు. మనం మాత్రం ఆ ఊళ్ళో చవగ్గా దొరికే చింతపండు మోసుకొస్తాం!

పని దొంగిలించమని నేను చెప్పడం లేదు. పని అయ్యాక మిగిలిన ఆ గంటా గంటన్నరా మనదే. దాన్ని మన కోసం వాడుకుంటే ఎవరి సొమ్మూ పోదు.

ఒక్క ఊరి సంగతి చెబుతాను. రాజమండ్రికి, అదే ఇప్పటి రాజమహేంద్రవరానికి, పని మీద వెళ్ళారనుకోండి. గోదావరి గట్టుకి వెళ్ళి నిలబడితే మూడు వంతెనలు కనిపిస్తాయి. 1900లో రైళ్ళు మొదలై 1997లో విశ్రాంతి తీసుకున్న పాత హేవలాక్ వంతెన ఒకటి. 1974లో వచ్చిన రోడ్డు, రైలు వంతెన ఇంకొకటి. విల్లులాంటి కమానులతో ఉన్న కొత్త రైలు వంతెన మూడోది. ఊళ్ళోకొస్తే రోజ్‌మిల్క్ ఉండనే ఉంది. పని పెందలాడే తెమిలితే కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఇల్లు చూడవచ్చు. ఆయన 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించింది ఆ ఊళ్ళోనే. ఆడవాళ్ళం ఒక్కళ్ళమే పని మీద ఊరుగాని ఊరు వచ్చి, ఆ ఇంటి ముందు నిలబడ్డామంటే అది చిన్న సంగతేమీ కాదు.

అయితే ఊరు చూడడం ఒక ఎత్తు, మనుషులు కలవడం ఒక ఎత్తు. ఒక కార్తీకమాసం సాయంత్రం ఆ రేవులోనే అరటిదొప్పలో దీపం పెట్టబోతున్నాను. గాలికి వత్తి అంటుకోవడం లేదు. పక్కనున్న ఆవిడ పమిట అడ్డం పెట్టింది. ఆవిడ అగ్గిపెట్టె తడిసిపోయిందిట, నాది ఇచ్చాను. అంతలో మెట్ల మీద ఒంటరిగా కూర్చున్న ఇంకో అమ్మాయి కూడా వచ్చి చెయ్యి అడ్డం పెట్టింది. ఆ అమ్మాయి ఏదో ట్రెయినింగుకని వచ్చిందిట. దీపాలు వదిలాక "మీది వెనకబడింది, నాది ముందుంది" అని ముగ్గురం చిన్నపిల్లల్లా పందెం వేసుకున్నాం. ఎవరి దీపం గెలిచిందో చీకట్లో తెలియనే లేదు. పేర్లు కూడా అడుక్కోలేదు. కానీ ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

ఎందుకిలా కలుస్తాయి మనసులు? ఆలోచిస్తే మూడు కారణాలు తోస్తాయి. కొత్త ఊళ్ళో మనం ఎవరి కోడలమో, ఎవరి తల్లిమో ఎవరికీ తెలియదు, అంచేత నవ్వడానికి జంకుండదు. ఎదుటివారి దగ్గర చిన్న సాయం పుచ్చుకుంటే మాట దానంతటదే కలుస్తుంది. పొద్దున్నే ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోతారు గనక, రేపటి భారమేమీ ఉండదు.

దీనికి ఖర్చూ అక్కర్లేదు, పెద్ద ఏర్పాట్లూ అక్కర్లేదు. ఏదో ఒక చిన్న పని కల్పించుకుని బయటికి రండి. పూలు కొనండి, దువ్వెన కొనండి. "మీ ఊళ్ళో ఏది బాగుంటుందమ్మా?" అని అడగండి. సొంత ఊరి గొప్ప చెప్పుకోవడం ఇష్టంలేని మనిషిని నేనింతవరకు చూడలేదు. తోటి ఉద్యోగినులు ఉంటే ఎవరి గదిలో వాళ్ళు తినకుండా అందరూ ఒకచోట కూర్చోండి. భోజనాలయ్యాక ఒకరు అంత్యాక్షరి మొదలుపెడితే చాలు, పైఆఫీసరమ్మగారు కూడా గొంతు సవరించుకుంటారు!

జాగ్రత్త కూడా చెప్పాలి. వెనకటికి రైల్లో పులిహోర పొట్లాలు విప్పి అందరికీ పంచుకునేవాళ్ళం. ఇప్పుడు మత్తుమందు కలిపి దోచుకునేవాళ్ళున్నారు, కొత్తవారిచ్చింది తినవద్దని రైల్వేవారే హెచ్చరిస్తున్నారు. కాబట్టి మాటలు పంచుకోండి, తిండి మాత్రం ఎవరిది వారే కొనుక్కోండి. దిగిన లాడ్జి పేరు, గది నంబరు కొత్తవారికి చెప్పకండి, ఇంట్లోవారికి మాత్రం తప్పక చెప్పండి. జనసంచారం ఉన్న చోట్లకే వెళ్ళి, పొద్దుపోకుండా గదికి చేరండి. రైల్లో ఇబ్బంది వస్తే 139, ఎక్కడైనా ఆపద అనిపిస్తే 112, మహిళల సహాయానికి 181 — ఈ నంబర్లు ఫోనులో పెట్టుకోండి.

ఇంట్లో ఉండే అత్తగార్లకి, శ్రీవార్లకి కూడా ఒక మనవి. ఊరు వెళ్ళినావిడకి ఫోను చేసి "ఎప్పుడొస్తావు? పప్పు డబ్బా ఎక్కడుంది?" అనేకాదు, "ఇవాళ ఏం చూశావు?" అని కూడా అడగండి. అలా అడుగుతారని తెలిస్తే, చూసి చెప్పడం కోసమైనా ఆవిడ గది తలుపు తీసుకుని బయటికి వస్తుంది. పప్పు డబ్బా సంగతంటారా, వెతికితే అదే దొరుకుతుంది.