అంకెల పాతర

తాండూరు కందిపప్పు పేరు వినని తెలుగు గృహిణి అరుదు. నల్లరేగడి నేలలలో వానను మాత్రమే నమ్ముకొని పండు ఈ కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ వార్త వినిన కొలది దినములకే నేను తాండూరు సమీపమున నొక గ్రామమునకు పోయితిని. ఇరువది యేండ్ల క్రితము, పరిశోధన నిమిత్తము, ఆ యూరి రైతుల యిండ్లకు తిరిగి, ఎవరి చేనిలో నెంత విత్తనము పడినది, వాన లెప్పుడు కురిసినవి, ఎంత కంది యింటికి చేరినది వ్రాసికొని యుంటిని. నన్ను గుర్తుపట్టి యొక వృద్ధరైతు, "సారూ, ఆ కరువేడు మా చేన్ల ఎన్ని సంచులయినయో మీ కాడ రాసుంది గద, జర చూసి చెప్పుండ్రి" అని యడిగెను. 2002వ సంవత్సరపు కరువును గూర్చి యాయన యడిగినది.

నేను చెప్పలేకపోయితిని. ఆ లెక్కలు పోలేదు. నా యింట పెట్టెలో పదునొకండు ఫ్లాపీ డిస్కులలో భద్రముగనే యుండెను. ఐనను వానిని చదువుటకు మూడు అడ్డంకు లేర్పడినవి. నేటి కంప్యూటరులో ఫ్లాపీ పెట్టు తావే లేదు. ఇది మొదటిది. పాత యంత్రము నొకదానిని వెదకి తెచ్చి చూడగా మూడు డిస్కులు చెడిపోయినవి. తక్కిన యెనిమిదింటి ఫైళ్లు తెఱచుకొన్నవి గాని, రైతుల పేళ్లు, ఊళ్ల పేళ్లు ఉండవలసిన చోట అర్థములేని గుఱుతులు కనబడినవి. నాడు నేను వాడిన తెలుగు అక్షరముల కూర్పు ఒక ప్రత్యేక సాఫ్టువేరునకు మాత్రమే తెలిసినది. ఇది రెండవది. మూడవది అన్నింటికంటె చిక్కైనది. అంకెలు చక్కగా కనబడుచున్నవి. 'సంచులు 4' అని యున్నది. ఆ సంచి యెన్ని కిలోలది? ఆ మాట నేనెచ్చటను వ్రాయలేదు. నాడది అందఱికిని తెలిసిన విషయ మనుకొంటిని.

శ్రోతలారా, ఇట్టి పొరపాటు పెద్ద సంస్థలకును తప్పలేదు. ఇంగ్లండులో 1086లో రాజాజ్ఞచే గ్రామముల లెక్కలు వ్రాసిన గ్రంథ మొకటి కలదు. దాని తొమ్మిదివందల యేండ్ల పండుగకై 1986లో బీబీసీవారు వేలకొలది బడిపిల్లల సాయముతో దేశపు స్థితిగతులను సేకరించి లేసరు డిస్కులలో నుంచిరి. పదునైదేండ్లు గడచునప్పటికి ఆ డిస్కులను చదువు యంత్రములు అపురూపమైనవి; మిక్కిలి శ్రమపడి వానిని ఉద్ధరింపవలసి వచ్చినది. 1086 నాటి తోలు పుటలను మాత్రము నేటికిని చదువ వీలగుచున్నది. కాగితము మౌనముగ నున్నను నిలుచును. కంప్యూటరులోని యంకెలను ఎవరో యొకరు కనిపెట్టి యుండనిదే నిలువవు.

పోయినచో మరల సేకరింపరాదా యని మీరడుగవచ్చును. ప్రయోగశాలలో చేసిన పరీక్షను మరల చేయవచ్చును. కురిసిపోయిన వానను మరల కొలువలేము. వికారాబాదు చెంత అనంతగిరి కొండలలో పుట్టిన మూసీనది 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచివేసినది. పిదప మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు నదీ పరీవాహమున నాడు కురిసిన వాన కొలతలను పరిశీలించి, వరదను ఆపుటకు జలాశయములు కట్టవలెనని సూచించిరి. 1920లో ఉస్మాను సాగరము, 1927లో హిమాయతు సాగరము పూర్తియైనవి. ఆ కొలతలు నాడెవరో శ్రద్ధతో వ్రాసి యుంచకున్నచో, ఆయన లెక్కకు ఆధారమే లేకపోయెడిది.

మంచి యుదాహరణ మన సమీపముననే కలదు. 1972లో పటాన్‌చెరువు నందు స్థాపింపబడిన ఇక్రిసాటు సంస్థ 1975లో ఆరు గ్రామములను ఎన్నుకొని రైతుకుటుంబముల జీవనమును వ్రాయ నారంభించెను. అందు అవురుపల్లి, దోకూరు నాటి మహబూబునగరు జిల్లాలోనివి. ఊరికి నలువది కుటుంబములు. భూమిలేనివారు పదిమంది, చిన్న, మధ్య, పెద్ద రైతులు పదేసి మంది. ఊరిలోనే కాపురమున్న ఉద్యోగులు మాటిమాటికి వారి యిండ్లకు పోయి లెక్కలు వ్రాసిరి. ఆ యంకెలు యంత్రమునుండి యంత్రమునకు మాఱుచు, వివరణలతోడ నేటికిని పరిశోధకుల కందుచున్నవి. నాడు తలపునకు రాని ప్రశ్నలకు సైతము, వలసలు, బోరుబావులు, వాతావరణపు మార్పులు మొదలగువానికి, అందు సమాధానములు వెదకుచున్నారు.

మనము చేయవలసిన పనులు కష్టమైనవి కావు. ఒకే ప్రతిని నమ్మరాదు. మూడు ప్రతు లుండవలెను. అందొకటి వేఱొక ఊరిలో నుండవలెను. ఏండ్లకొకమారు పాతర తెఱచి ధాన్యమును చూచుకొన్నట్లు, ఫైళ్లను తెఱచి చూడవలెను. ప్రతి ఫైలునకును వేలిముద్రవంటి యొక సంఖ్యను కంప్యూటరు లెక్కకట్టగలదు; ఫైలులో ఒక్క యక్షరము చెడినను ఆ సంఖ్య మాఱును గనుక, చెడుగు వెంటనే తెలియును. ఒక్క సాఫ్టువేరునకే లొంగిన రూపము విడిచి, అందఱు చదువగల సాదా రూపములో నుంచవలెను. తెలుగునకు యూనికోడు 1991 నుండియు కలదు, దానినే వాడవలెను.

అన్నింటికంటె ముఖ్యము వివరణ పత్రము. ఎవరు, ఎప్పుడు, ఎచ్చట, ఏ కొలతతో కొలిచిరి? నలువది గుంటల యెకరమా, రైతు కంటితో చూచి చెప్పిన యెకరమా? ఖాళీ గడి 'పంట లేదు' అనుటయా, 'అడుగలేదు' అనుటయా? ఈ రెంటికిని భేదము తెలియనిచో కరువు లెక్కయే తలక్రిందగును. కంది రకము పేరు, ఊరి పేరు మాఱిన విషయము కూడ వ్రాయవలెను. తాండూరు, వికారాబాదు మొన్నటివఱకు రంగారెడ్డి జిల్లాలోనివి, 2016 అక్టోబరునుండి వికారాబాదు జిల్లాలోనివి.

అన్నియు దాచవలెనని కాదు. మరల కొలువరానిదానిని మొదట దాచవలెను. మరల చేయదగినదానిని విడువవచ్చును. రైతు అప్పులు, రోగములు మన కడ నమ్మకముతో చెప్పినవి. పేళ్లు తొలగింపక పదిమందికి పంచుట ద్రోహము. పరిశోధనకు ధనమిచ్చువారు దాచుటకును కొంత భాగము కేటాయింపవలెను. అంకెలు సేకరించిననాడే ఈ పని మొదలుపెట్టిన సులభము. ఇరువది యేండ్లకు మొదలుపెట్టిన, నావలె యాతన.

నేను మరల ఆ గ్రామమునకు పోయి, "తాతా, అప్పటి సంచి ఎంత తూగేది?" అని యడిగితిని. ఆయన నవ్వి, "అదిగూడ మేమే చెప్పాల్నా సారూ? కింటాల్" అనెను. ఊరిలో మఱి యిద్దఱు వృద్ధులను విచారింపగా అదే మాట చెప్పిరి. ఆ సంగతిని, చెప్పిన తేదీతో సహా, ఫైలు శిరోభాగమున వ్రాసితిని. పిదప, నాలుగు సంచులనగా నాలుగు కింటాళ్లని ఆయనకు చెప్పితిని. చెడిపోయిన మూడు డిస్కులలో నెవరి చేల లెక్క లున్నవో నాకు తెలియదు. ఆ రైతులు వచ్చి యడిగిన, చెప్పుటకు నాకడ నేమియు లేదు.