ఊరిన గోంగూర... ఉడికిన పెద్దకూర!

గోంగూర మాంసం అనగానే వేటమాంసమే గుర్తొస్తుంది ఎవరికైనా. కానీ పల్నాటి పల్లెల్లో అదే గోంగూర జాడీలోంచి పుట్టే పులుసు ఇంకొకటి ఉంది. హోటల్ మెనూలో కనిపించదు. పెళ్లిభోజనాల్లో వడ్డించరు. టీవీ వంటల్లో అంతకన్నా కనపడదు. అయినా కొన్ని వేల ఇళ్లలో ఆదివారం మధ్యాహ్నం ఆ వాసన వస్తేనే పండగ. అదే పెద్దకూర పులుసు!

పేరులోనే కూర ఉన్న ఊరు పెదకూరపాడు. గుంటూరు నుంచి సత్తెనపల్లి మీదుగా హైదరాబాద్ వెళ్లే రైలుమార్గంలో వస్తుంది. 2022 ఏప్రిల్ వరకూ గుంటూరు జిల్లాలో ఉండేది, ఇప్పుడు పల్నాడు జిల్లా. చుట్టూ నల్లరేగడి చేలు. పత్తి, మిరప ఇక్కడి ప్రధాన పంటలు. ఎండలు ముదిరేవేళకి కళ్లాల నిండా మిరపకాయలు ఎర్రగా పరుచుకుని ఉంటాయి. ఆ కాలంలోనే ఇళ్లలో జాడీలు కడిగి ఎండబెట్టడమూ మొదలవుతుంది. ఏడాదికి సరిపడా పచ్చళ్లు పట్టే రోజులు మరి!

జాడీలో మూడురోజులు

ఈ ప్రాంతంలో పండుమిరపకాయల్ని గోంగూరతో కలిపి ఊరబెట్టడం ఓ సంప్రదాయం. ఆకు కోసి, కడిగి, తడి పూర్తిగా పోయేలా నీడలో గుడ్డమీద ఆరబోస్తారు. కిలో ఆకుకి అరకిలో పండుమిరపకాయలు, ఇన్ని చింతపండు రెబ్బలు, దాదాపు 200 గ్రాముల కల్లుప్పు, కొద్దిగా పసుపు. అన్నీ కలిపి రోట్లో కచ్చాపచ్చాగా తొక్కి జాడీకి ఎత్తుతారు. మూడోరోజు తీసి మళ్లీ తొక్కుతారు. అప్పటికి ఊట దిగి, ఆకు రంగు మారి, కారమూ పులుపూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. కొందరు మెంతిపిండి కలుపుతారు, కొందరు కలపరు. తాలింపు మాత్రం ఎప్పటికప్పుడే.

ఏడాదంతా ఇంటికి కావలసిన పులుపు అందులోనే ఉంటుంది. అన్నంలోకి పచ్చడి అదే, పప్పులోకి పులుపు అదే. మాంసంలోకీ అదే. తాజా ఆకు దొరకని రోజున చిన్న గరిటెడు తీసి కూరలో వేస్తే చాలు, పొయ్యి దగ్గరే నోరూరుతుంది.

పోగుల రోజు

ఇక రెండో సగం... మాంసం. గొడ్డుమాంసాన్ని ఇక్కడ చాలామంది పెద్దకూర అంటారు. మేక, గొర్రెలది చిన్నకూర. మనదగ్గర పెద్దకూర అంటే చాలావరకూ దున్న, గేదె మాంసమే. 1977లో వచ్చిన చట్టం ప్రకారం ఆవునీ దూడల్నీ వధించకూడదు. మిగతా పశువులకైనా, పనికీ పాలకీ పనికిరావని అధికారి ధ్రువపత్రం ఇవ్వాల్సిందే.

మాంసం కొట్లు ఊరూరా లేని రోజుల్లో పెద్ద పశువు కోత అంటే వాడంతటికీ సంబంధించిన పని. కోసిన మాంసాన్ని తాటాకుల మీదో చాపల మీదో సమానంగా పోగులు వేసేవారు. ప్రతి పోగులోనూ కండ, కొవ్వు, బొమికె, కార్జం అన్నీ తలా కాస్త ఉండాలి. ఇంటికో పోగు. డబ్బులుంటే డబ్బులు, లేకపోతే కూలి వచ్చాక.

అంత మాంసం ఒక్కరోజులో తినలేరు. ఫ్రిజ్ లేదు. అందుకే మిగిలినదాన్ని పొడవాటి పేలికల్లా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, దండేనికి వేలాడదీసి ఎండలో గలగలలాడేదాకా ఎండబెట్టేవారు. కొన్నిచోట్ల దీన్ని ఉప్పుకండ అంటే, కొన్నిచోట్ల తునకలు అంటారు. మరాఠీ దళితవాడల్లో ఇవే చాన్యాలు. షాహూ పాటోలే మరాఠ్వాడా దళితుల వంటల గురించి 2015లో రాసిన మరాఠీ పుస్తకంలో ఇలాంటి తిండి గురించి విపులంగా ఉంది. 2024లో అది ఇంగ్లిషులోకీ వచ్చింది.

వానాకాలంలో పనుల్లేక ఇంట్లో కూర కరవైన రోజున కుండలోంచి నాలుగు తునకలు, జాడీలోంచి గరిటెడు గోంగూర... అంతే, పులుసు సిద్ధం. ఒక కుండ, ఒక జాడీ ఆ ఇంటిని గట్టెక్కించేవి.

పులుపు ఏం చేస్తుంది?

ముదురు పశువు మాంసం గట్టిగా ఉంటుంది. జీవితమంతా నాగలి లాగిన, బండి లాగిన కండ అది. అందులో కొలాజెన్ అనే గట్టి పీచు ఎక్కువ. సన్నటి సెగమీద గంటలపాటు ఉడికితేనే అది కరిగి జిగురులా మారుతుంది. పులుసుకి చిక్కదనం తెచ్చేది ఆ జిగురే. పులుపు ఆ పీచుని వదులుచేసి పనిని తేలిక చేస్తుంది. గోంగూరలో సహజంగానే ఆక్సాలిక్, మాలిక్, సిట్రిక్ ఆమ్లాలు ఉంటాయి. కొవ్వు వల్ల వచ్చే వెగటుని విరగ్గొట్టేదీ ఆ పులుపే. ఈ రసాయనశాస్త్రం ఎవరూ చదువుకోలేదు. అయినా లేతమాంసం కొనలేని ప్రతిచోటా వంటమనిషి చెయ్యి పులుపు వైపే వెళ్లింది.

నమ్మకం కుదరకపోతే ఒక్కసారి రష్యా వంటింట్లోకి తొంగిచూడండి. అక్కడివాళ్ల నిత్యభోజనంలో ‘ష్చీ’ అనే సూప్ ఉంటుంది. బొమికెతో ఉన్న గొడ్డుమాంసాన్ని నీళ్లలో నెమ్మదిగా ఉడికించి, పులియబెట్టిన క్యాబేజీ వేసి చేస్తారు. దాన్ని వండిన రోజుకన్నా మర్నాడు తింటేనే రుచి అంటారు. మన పులుసు గురించి మన అమ్మమ్మలు అనే మాటే కదూ!

తేడా ఒక్కటే. చలిదేశంలో చింతచెట్టు లేదు, మామిడి లేదు, గోంగూర లేదు. పులుపు కావాలంటే కుండలో పుట్టించుకోవాల్సిందే. అందుకే క్యాబేజీని సన్నగా తరిగి, నూటికి రెండు రెండున్నర పాళ్లు మాత్రమే ఉప్పు కలిపి అదిమిపెడతారు. ఆ కొద్ది ఉప్పులో మేలుచేసే బ్యాక్టీరియా పెరిగి, క్యాబేజీలోని తీపిని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. పాలు పెరుగయ్యేదీ ఇలాంటి బ్యాక్టీరియా వల్లే. 1768లో సముద్రయానానికి బయల్దేరిన కెప్టెన్ కుక్ తన ఓడలో పీపాలకొద్దీ తీసుకెళ్లింది ఈ పుల్లటి క్యాబేజీనే. విటమిన్ సి లేక నావికులకు వచ్చే స్కర్వీ రోగం రాకుండా! కొరియావాళ్ల కిమ్చీ కూడా ఈ కోవలోదే. చలికాలానికి ముందు ఇంటిల్లిపాదీ కలిసి కిమ్చీ పెట్టుకునే దక్షిణకొరియా ఆచారానికి 2013లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

మన జాడీ సంగతి వేరు. ఉప్పు నూటికి పదిపాళ్లు దాటుతుంది కాబట్టి బ్యాక్టీరియా ఆటలు పెద్దగా సాగవు. పులుపు ఆకుదీ చింతపండుదీ. ఉప్పు దాన్ని చెడకుండా కాపాడుతుంది. అంటే... వాళ్లకి పులుపు కుండ ఇస్తే, మనకి చెట్టే ఇచ్చింది. అలాగని పులియబెట్టడం మనకి రాదనుకునేరు! గంజి పులిస్తే తరవాణి. పుల్లమజ్జిగలో నానేసి, పగలు ఎండబెట్టి, రాత్రి మళ్లీ అదే మజ్జిగలో వేస్తే చల్లమిరపకాయలు. అవన్నీ బ్యాక్టీరియా చలవే.

ఆకుకూరనే పులియబెట్టేవాళ్లు చూడాలంటే నేపాల్, సిక్కిం వెళ్లాలి. ఆవాకు, ముల్లంగి ఆకుల్ని వాడ్చి, నలిపి, కుండలో గట్టిగా కూరి వారంపాటు పులియనిచ్చి ఎండబెడతారు. ఉప్పు కూడా వెయ్యరు. ‘గుంద్రుక్’ అంటారు దాన్ని. చలికాలమంతా వాళ్ల చారుకి అదే ఆధారం.

ఇలా వండుతారు

నలుగురికి సరిపోయే పులుసుకి అరకిలో మాంసం, పావుకిలో బొమికలు కావాలి. గిట్టల దగ్గరి కండ అయితే పులుసు మరింత చిక్కగా వస్తుంది. మాంసాన్ని కడిగి పసుపు, చెంచాడు అల్లంవెల్లుల్లి ముద్ద పట్టించి అరగంట ఉంచాలి. ఉప్పు ఇప్పుడే వేయొద్దు.

అడుగు మందంగా ఉన్న గిన్నెలో మూడు చెంచాల నూనె కాగాక రెండు ఉల్లిపాయల ముక్కలు, నాలుగు పచ్చిమిరపకాయలు ఎర్రగా వేగనివ్వాలి. మాంసం, బొమికలు వేసి నీరంతా ఇగిరేదాకా కలుపుతూ వేయించాలి. పులుసు రంగంతా ఈ వేపుడులోనే ఉంది, తొందరపడకూడదు. తరవాత చెంచాడు ధనియాలపొడి, లీటరున్నర వేడినీళ్లు పోసి మూతపెట్టి సన్నటి సెగమీద రెండు, రెండున్నర గంటలు ఉడికించాలి. కుక్కర్‌లో అయితే ఏడెనిమిది కూతలు చాలు. పైకి తేలిన నురుగు, ఎక్కువైన కొవ్వు తీసేయొచ్చు.

ముక్క వేలితో నొక్కితే విడిపోయే దశలో మూడు నాలుగు చెంచాల ఊరిన గోంగూర వేయాలి. ఇందులోనే ఉప్పూ కారమూ ఉన్నాయి కాబట్టి, పావుగంట మరిగాక రుచి చూసి, తక్కువైతేనే ఉప్పు కలపాలి. జాడీ గోంగూర లేకపోతే రెండు కట్టల ఎర్రగోంగూర ఆకుని కాస్త నూనెలో మగ్గించి వేసుకున్నా సరే. అప్పుడు ఎండుమిరపకారం చెంచాన్నర పడుతుంది. చివర్లో వెల్లుల్లి, జీలకర్ర, కరివేపాకు తాలింపు.

తునకలతో చేసేటట్లయితే వాటిని గంటసేపు వేడినీళ్లలో నానేసి, ఆ నీళ్లు పారబోసి, రోకలితో కాస్త చితగ్గొట్టి ఉడికించాలి. ఉప్పు సగం అక్కడే పోతుంది.

జొన్నరొట్టె అయినా, వేడి అన్నమైనా పక్కన పచ్చి ఉల్లిపాయ ఉండాల్సిందే. పెద్దకూర పెద్దగా అలవాటులేనివాళ్లు ఇదే పద్ధతిలో పొట్టేలు బొమికలతో చేసుకోవచ్చు. ఉడికే సమయం సగానికి తగ్గుతుంది.

ఒక్క జాగ్రత్త. ఉప్పు పట్టించిన మాంసం, ఉప్పు పచ్చడి రెండూ కలిసినప్పుడు బీపీ ఉన్నవాళ్లు చెయ్యి తగ్గించుకోవాలి. ఎర్రమాంసం, ముఖ్యంగా ఉప్పు పట్టించి నిలవచేసింది ఎక్కువ తినడం మంచిది కాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో హెచ్చరించింది. ఒకప్పుడు తునకలు రోజువారీ తిండి కాదు, అవసరానికి దాచుకున్న తిండి. ఆ లెక్కే ఇప్పటికీ మంచిది.

చాప మీద చోటు

రుచి గురించి ఇంత చెప్పుకున్నాక, ఈ పులుసు గురించి ఇన్నాళ్లూ మనం ఎందుకు మాట్లాడుకోలేదన్న ప్రశ్న మిగులుతుంది. దీన్ని వండుకునే ఇళ్లలో ఎక్కువ దళితులవీ ముస్లింలవీ. కిటికీ మూసి వండుకునే ఇళ్లున్నాయి. టిఫిన్‌బాక్సులో ఏముందని అడిగితే ‘మటన్’ అని చెప్పే పిల్లలున్నారు. గొడ్డుమాంసానికీ అంటరానితనానికీ ఉన్న సంబంధం గురించి అంబేడ్కర్ 1948లో ఏకంగా ఓ పుస్తకమే రాశారు. తిండి మనుషుల్ని ఎలా విడదీసిందో అందులో వివరించారు.

వద్దనుకునేవాళ్ల నమ్మకం వాళ్లది. దాన్ని గౌరవించాల్సిందే. పల్నాటిలోనూ పశువుని కన్నబిడ్డలా చూసుకునే రైతు ఇళ్లు ఎన్నో. అలాగే తినేవాళ్ల కంచమూ గౌరవించదగిందే. హైదరాబాద్‌లో కల్యాణీ బిర్యానీకి పేదవాడి బిర్యానీ అని ముద్దుపేరు ఉంది. అది దున్నమాంసంతో చేసేదే. నగరంలో ఆ వంటకి ఓ పేరూ, దుకాణమూ, చరిత్రా దొరికాయి. పల్నాటి పులుసుకి అవేవీ దొరకలేదు. రాసిపెట్టినవాళ్లూ తక్కువే. వండే పెద్దవాళ్లతోపాటే కొలతలూ వెళ్లిపోతున్నాయి. ట్రాక్టర్లు వచ్చాక కాడి పశువులు తగ్గాయి, ఫ్రిజ్‌లు వచ్చాక దండేలమీద తునకలు తగ్గాయి. మిగిలింది ఆ రుచి తెలిసిన నాలుకలే.

నిజానికి అందరూ ఒకే చాపమీద కూర్చుని తినాలన్న ఆలోచన పల్నాటికి కొత్తదేం కాదు. 12వ శతాబ్దంలో మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడు కులాల తేడా లేకుండా ‘చాపకూడు’ పెట్టించాడని ఇక్కడి వీరగాథ చెబుతుంది. ఇప్పటికీ కార్తీకంలో కారంపూడిలో జరిగే వీరారాధన ఉత్సవాల్లో మందపోరు రోజున చాపకూడు ఉంటుంది. ఒకే చాపమీద కూర్చోవడమంటే అందరూ ఒకటే తినాలని కాదు. పక్కవాడి ముద్దని చూసి ముఖం చిట్లించకపోవడం.

ఈసారి జాడీలో గోంగూర తొక్కేటప్పుడు ఇంట్లో పెద్దావిడ పక్కన ఓ కాగితం, కలం పట్టుకుని కూర్చోండి. వేటమాంసంలోకి ఎంత వేస్తారో, పెద్దకూరలోకి ఎంత వేస్తారో, పప్పులోకి ఎంత వేస్తారో అడిగి రాసుకోండి. ఏ ఇంటి లెక్క ఆ ఇంటిది. రాసుకుంటే ఉంటుంది.